కూట్ ముట్టడిలో సిపాయి భోజనము

యుద్ధములను గూర్చి వినునపుడు మనము ఫిరంగుల సంఖ్యను, సేనానుల పేర్లను, గెలిచిన యూళ్లను అడిగి తెలిసికొందుము. ఆ తుపాకి పట్టినవాడు ఆ పూట ఏమి తినెనని అడుగువారు తక్కువ. కుమారుని సైన్యమునకు పంపిన తల్లి మాత్రము మొట్టమొదట అడుగునది ఆ ప్రశ్నయే. ఈ ప్రసంగమున ఆ తల్లి ప్రశ్నను ముందుంచుకొని, మొదటి ప్రపంచ సంగ్రామ కాలమున టైగ్రిస్ నది యొడ్డున ఒక మట్టియూరిలో చిక్కుకొన్న భారతీయ సైనికుల కథను మీకు చెప్పదలచితిని. మీలో చాలమంది రాత్రి భోజనము ముగించియే రేడియో చెంత చేరియుందురు గనుక, ఈ కథ వినుటకిది తగిన వేళయే.

ఆ యూరి పేరు కూట్ అల్ అమారా. ఇరాకు దేశమున, బాగ్దాదు నగరమునకు దిగువగా సుమారు నూరు మైళ్ల దూరమున నున్నది. నది మూడు వైపుల చుట్టి ప్రవహించుటచే అక్కడి నేల నాలుకవలె ముందునకు సాగియుండును. ఆ నాలుక కొనయందే ఊరు. యుద్ధమునకు ముందు ఆ దేశమంతయు తుర్కీ సుల్తానుల యేలుబడిలో నుండెను. మట్టిగోడల యిండ్లు, ఇరుకు సందులు, అక్కడక్కడ ఖర్జూరపు చెట్లు, ధాన్యపు బేరము చేయు వర్తకులు, నదికి ఆవలి గట్టున అతిమధురపు వేళ్లను నొక్కి మూటలు కట్టు ఒక కర్మాగారము: ఇదియే ఆ యూరి ఐశ్వర్యము. అరబ్బు నివాసులు సుమారు 6,000 మంది.

భారతదేశమునుండి పోయిన ఆరవ డివిజను, దానికే పూనా డివిజనని పేరు, జనరల్ టౌన్సెండ్ నాయకత్వమున నదివెంట పైకి నడచి 1915 నవంబరులో బాగ్దాదు చేరువవరకు పోయెను. క్టెసిఫాన్ వద్ద జరిగిన ఘోరయుద్ధములో బలము చాలక వెనుదిరిగి డిసెంబరు 3వ తేదీన కూట్ చేరుకొనెను. 7వ తేదీ నాటికి తుర్కీ సేనలు చుట్టుముట్టెను. లోపల చిక్కినవారిలో మహారాష్ట్రులు, పంజాబీలు, రాజపుత్రులు, గూర్ఖాలు, కొన్ని ఆంగ్ల పటాలములు, వీరితోబాటు వంటవారు, నీళ్లు మోయు భిస్తీలు, డోలీలు మోయువారు, కంచరగాడిదలను తోలువారు వేలకొలది యుండిరి. మన తెలుగువారిని గూడ చేర్చుకొను మదరాసు సాపర్లు ఆ మెసొపొటేమియా రంగమునందే పనిచేసిరి గాని, ముట్టడిలో ఆకలి ననుభవించినవారు ముఖ్యముగా ఉత్తరాదివారు, మహారాష్ట్రులు.

కందకములలో సిపాయి బ్రతుకెట్టిదో ఒక్క మాటలో చెప్పి ముందునకు పోవుదును. జనవరిలో ఎముకలు కొరుకు చలి. వాన కురిసిన కందకము నిండ బురద. మార్చిలో ఏటికి వరద. పగలు తల యెత్తిన తుపాకి గుండు. రాత్రి మట్టి త్రవ్వు పని. ఇట్టి పనిచేయువాని కెంత తిండి కావలెనో వ్యవసాయము చేయు మన కుటుంబములకు వేరుగ చెప్ప నక్కరలేదు. భారతీయ సిపాయికి యుద్ధరంగమున ఇయ్యవలసిన గోధుమపిండి దినమునకు ఒకటిన్నర పౌను, అనగా సుమారు 58 తులములు. దానికి తోడు కొంచెము పప్పు, కొంచెము నెయ్యి, బెల్లము, మసాలా దినుసులు. మాంసము స్వల్పము. కూరగాయలు కాగితముపై నుండునే గాని, విస్తరిలో నుండుట అరుదు. ఆంగ్ల సైనికునికి వేరు పట్టిక. అతనికి తెల్లని రొట్టె, మాంసము, మురబ్బా. ఒకే కందకములో రెండు వంటలు, రెండు కొలతలు. ఈ భేదమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

ముట్టడి మొదటి దినములలో ఊరిలోని ధాన్యమెంతయో ఎవ్వరును సరిగా లెక్కపెట్టలేదు. రెండు నెలలకు మించి నిలువజాలమను భావము కలుగునట్టి వార్తలు బయటి సేనకు చేరెను. వారిని విడిపింపవచ్చిన సేన తొందరపడి, సన్నాహము పూర్తికాకముందే, జనవరిలో తుర్కీ కందకములపై పడి పెద్ద దెబ్బ తినెను. జనవరి చివరను ఇల్లిల్లు వెదకగా, నేలలో పాతిన యవలు, గోడలలో దాచిన గోధుమలు బయటపడెను. మన పల్లెలలో పాతరలు వేసినట్లే అక్కడి గృహస్థులును ధాన్యమును భూమిలో దాచుకొనిరి. అప్పుడు చేసిన లెక్క ప్రకారము, గుఱ్ఱములను గూడ తినినచో, ఇంకను 84 దినములు గడుపవచ్చునని తేలెను. ఈ లెక్క డిసెంబరులోనే తేలియుండినచో బయట ఎందరి ప్రాణములు మిగిలెడివో! ఏప్రిలువరకు జరిగిన విమోచన ప్రయత్నములన్నిటిలో కలిపి చనిపోయినవారు, గాయపడినవారు సుమారు 23,000 మంది.

ఆ ధాన్యము ఎవరిదను ప్రశ్న కూడ కలదు. సైన్యము దానికి వెల యిచ్చెను. కాని తినుటకు గింజ లేని యూరిలో నాణెము నేమి చేసికొందురు? కూట్ వాసులకు ఈ యుద్ధముతో ఏ సంబంధమును లేదు. అయినను వారి పిల్లలు ఆ వేసవివరకు సైనికులతోబాటే పస్తులుండిరి. ఏరీది తప్పించుకొనజూచిన వారిపై తుర్కీవారు తుపాకులు కాల్చిరి. సిపాయికి తినవలసివచ్చిన స్థానికాహారమన నిదియే: పరాయి యింటి పాతరలోని యవలు.

గోధుమలు తగ్గిన కొలది పిండిలో యవల పాలు హెచ్చెను. యవలు దంచి పిండిచేయుటకు తగిన మరలు లేవు. ఒకదానిని చమురు యంత్రముతో త్రిప్పుటకు యత్నింపగా తిరుగలి రాళ్లు కావలసివచ్చెను. వానిని గూడ విమానమునుండి జారవిడిచిరి. పొట్టుతో కూడిన ఆ ముతక పిండితో చేసిన రొట్టె నల్లగా, గట్టిగా నుండును. నెయ్యి పోయెను, పప్పు పోయెను, బెల్లము పోయెను. పొగాకు లేక నిమ్మ ఆకులను, అల్లమును, త్రాగి విడిచిన తేయాకు పొడిని చుట్టి కాల్చిరి. ఆకలి తెలియకుండుటకు నల్లమందు మాత్రలు మ్రింగినవారును కలరు. అధికారులు గోరువంకల జాతి పిట్టలను కొట్టి వండుకొనిరి.

ఇక ఆకుకూరల సంగతి. ఆ దేశపు పొలముల గట్లమీద ఖుబ్బాజ్ అను గుండ్రని ఆకుల మొక్క వానకాలమున మొలచును. అక్కడి బీదవారు దానిని వండుకొందురు. మన సిపాయిలు దీనిని, ఇతర పచ్చిగడ్డి మొలకలను ఏరి, సాగ్ అని పేరుపెట్టి ఉడికించుకొనిరి. ఏరుటకు కందకము దాటి పోవలెను. అచ్చట గుండ్ల భయము. పైగా పరదేశపు మొక్కలలో మంచిచెడ్డలు తెలియవు. విషపు ఆకులు తిని జబ్బుపడినవారు కలరు. ఏది తినదగినది, ఏది కాదు అని వైద్యాధికారులు చెప్పవలసి వచ్చెను. విమానములపై కూరగాయల విత్తనములను తెప్పించి తోటలు వేయించిరి. కాని ఆ పంట ఆసుపత్రిలోని రోగులకే చాలదయ్యెను.

గుఱ్ఱపు మాంసము విషయము వేరుగా చెప్పవలెను. ఫిబ్రవరి నాటికి గుఱ్ఱములను, కంచరగాడిదలను వధించి ఆంగ్ల సైనికులకు పంచుచుండిరి. ఇందువలన రెండు లాభములు: మాంసము దొరకును, ఆ గుఱ్ఱములు తిను యవలు మనుష్యులకు మిగులును. భారతీయ సైనికులు, హిందువులు గాని ముస్లిములు గాని, అధికసంఖ్యాకులు దానిని ముట్టమనిరి. సేనాపతి భారతదేశమునకు తంతి పంపి మతపెద్దల అనుమతి తెప్పించెను. ఆ అనుమతిని పటాలములలో చదివి వినిపించిరి. అయినను వారాలకొలది చాలమంది కదలలేదు. తుదకు ఏప్రిలులో, మాంసము తినక నీరసించిన నాయకుల స్థానములలో తినువారిని నియమింతుమని బెదరింపగా, అప్పటికి ఆకలియు దుర్భరము కాగా, అధికసంఖ్యాకులు తినసాగిరి. అప్పటికే ఆలస్యమయ్యెను.

ఆంగ్లేయ గ్రంథకర్తలు పెక్కుమంది దీనిని సిపాయిల మూర్ఖపు పట్టుదల అని వ్రాసిరి. నాకీ మాట సరిగా తోపదు. ఆ సిపాయి జీతమునకు సైన్యములో చేరినవాడు. జీతమంతయు ఊరికి పంపుకొనువాడు. యుద్ధము ముగిసినపిదప అతడు పోవలసినది ఆ ఊరికే. అక్కడ అతనికి పెండ్లికావలసిన చెల్లెండ్రుందురు, పిల్లలుందురు. పరదేశములో నిషిద్ధాహారము తిని వచ్చెనను మాట పుట్టినచో, వారి గతి యేమి? తంతిలో వచ్చిన అనుమతి పటాలపు కచేరీలో నుండును గాని ఊరి రచ్చబండమీద చెల్లునో చెల్లదో ఎవరు చెప్పగలరు? తోటివాడు ముందు తినునేమోయని ఇతడును, ఇతడు తినునేమోయని తోటివాడును చూచుచుండుటలో ఆశ్చర్యమేమున్నది? పైగా సవారునకు తన గుఱ్ఱముతోడి చెలిమి యెట్టిదో, తోలువానికి తన కంచరగాడిదపై మమకార మెట్టిదో చెప్పనక్కరలేదు. అన్నియు పోగొట్టుకొన్న మనుష్యుడు తనదని చెప్పుకొనుటకు మిగిలినదానిని పట్టుకొని వ్రేలాడెను. తినుమని ఆజ్ఞాపించుట సులభము. ఊరిలో నీకు మాట రాకుండ మేము చూతుమని నమ్మకము కలిగించుటకు ముందునుండి కావలసిన ప్రయత్నము వేరు. అది జరుగలేదు.

ఇప్పుడు నేను జ్ఞాపకముంచుకొనుమన్న రెండు పట్టికల సంగతి. ముట్టడిలో రెండు జాతుల సైనికులకు రెండు వేర్వేరు రోగములు వచ్చెను. తెల్లని పిండి రొట్టె తినుచుండిన ఆంగ్ల సైనికులకు బెరిబెరి సోకెను: కాళ్లు వాచుట, నరముల పట్టు తప్పుట, గుండె బలహీనమగుట. పొట్టుతో కూడిన గోధుమపిండి, పప్పు తిను భారతీయులకు అది దాదాపు రాలేదు. తెల్లపిండి తరిగిపోయి, గత్యంతరము లేక ఆంగ్లేయులకును యవల పిండి, ముతక గోధుమపిండి కలిపి యియ్యగా, వారి బెరిబెరి తగ్గిపోయెను! రుచిలేని నల్లరొట్టె వారిని కాపాడెను. భారతీయులకు మాత్రము స్కర్వీ పట్టుకొనెను: చిగుళ్లు వాచి నెత్తురు కారుట, కీళ్లనొప్పులు, మానిన గాయములు తిరిగి విచ్చుట. తాజా మాంసము తినువారిని ఈ రోగము అంతగా బాధింపలేదు. అందులో స్వల్పముగానైన ఆ రోగమును నివారించు గుణమున్నది. కూరగాయలును లేక మాంసమును లేక యుండిన సిపాయికి ఏ యాధారమును లేకపోయెను. కూట్ లోని ప్రధాన వైద్యాధికారి కర్నల్ హెహిర్ ఈ విషయములను శ్రద్ధగా గమనించెను.

బెరిబెరి యన్న మాట మన సర్కారు జిల్లాల వారికి కొత్తది కాదు. 1835లోనే మాల్కంసన్ అను మదరాసు సైన్యపు వైద్యుడు ఈ రోగముపై ఒక గ్రంథము ప్రకటించెను. ఉత్తర సర్కారులు ఆ రోగమునకు చిరకాలము పేరుపడిన ప్రదేశములు. మరబియ్యముచే అది యెట్లు వ్యాపించునో కూనూరులోని పోషకాహార పరిశోధనశాలవారు తరువాత మన కోస్తా పల్లెలలోనే పరిశీలించిరి. దంపుడుబియ్యము తినుమని పెద్దలు చెప్పుటకును, కూట్ లోని నల్లరొట్టెకును మూలము ఒక్కటియే: తవుడులో, పొట్టులో నుండు బి జీవసత్త్వము. 1916లో ఆ పదార్థమునకు పేరైనను స్థిరపడలేదు. స్కర్వీని నివారించు సి జీవసత్త్వమును విడిగా గుర్తించుట మరి పదునైదేండ్లకు గాని జరుగలేదు.

ఏప్రిలులో పిండి కొలత దిగుచు దిగుచు తుదకు దినమునకు 4 ఔన్సులయ్యెను. అనగా పది తులములకు లోపు. మామూలు కొలతలో ఆరవ వంతు. కందకములో కావలియున్న సిపాయి నిలువబడలేక కూర్చుండియే కావలికాచెను. తిండిలేక, జబ్బులతో దినమునకు పలువురు మరణించుచుండిరి. ఆ నెల 15వ తేదీనుండి విమానములు మూటలను జారవిడువసాగెను. ముట్టడిలోని సేనకు ఆకాశమార్గమున ఆహారమందించు యత్నము లోకమున కిదియే మొదటిది. అప్పటి విమానములు కాగితపు బొమ్మలవంటివి. మోయగల బరువు స్వల్పము. రెండు వారములలో ఏడెనిమిది టన్నులు మాత్రమే చేరెను. కొన్ని మూటలు నదిలో, కొన్ని శత్రువుల కందకములలో పడెను. 24వ తేదీ రాత్రి జుల్నార్ అను పొగయోడపై 270 టన్నుల ఆహారము నెక్కించి చీకటిలో పంపిరి. తుర్కీవారు ఏటికి అడ్డముగ కట్టిన మోకు దానికి చుట్టుకొనెను. ఓడ పట్టుబడెను. దానిని నడిపిన ఫర్మన్, కౌలీ యను ఇరువురు నావికాధికారులును ప్రాణములు కోల్పోయిరి. మూడు వారముల తిండి కనుచూపు మేరలోనే శత్రువుల పాలయ్యెను. 29వ తేదీన కూట్ లొంగిపోయెను. లొంగినవారు సైనికులు, అనుచరులు కలిసి సుమారు 13,000 మంది.

లొంగినపిదప దొరికిన మొదటి భోజనము తుర్కీ సైన్యపు బిస్కత్తు. పొట్టు, గడ్డిపరకలు కలిసిన ముతక పిండితో చేసి ఎండబెట్టిన రాతివంటి పదార్థమది. నెలలకొలది మాడిన కడుపుతో దానిని ఆత్రముగ తినినవారు పలువురు ఆ రాత్రియే వాంతులు, విరేచనములతో మరణించిరి. లంఖణము చేసినవానికి మొదట జావ పోయవలెనని మన యింటి ముసలమ్మలకు తెలిసినది, ఆ వేల మందికి చెప్పువారు లేకపోయిరి. అటుపిమ్మట ఎడారిలో నడక, బాగ్దాదు, మోసల్, రాస్ అల్ ఐన్, రైలుమార్గపు కూలిపని. సుమారు 2,600 మంది ఆంగ్ల సిపాయిలలో 1,700 మందికి పైగా తిరిగి రాలేదు. భారతీయులలోను వేలకొలది ఆ దారిలోనే రాలిపోయిరి. కూట్ లో పనిచేసిన కల్యాణ్ కుమార్ ముఖర్జీ యను వంగదేశపు వైద్యుడు చెరలోనే 1917లో మరణించెను. అతడు తల్లికి వ్రాసిన జాబులను చేర్చి అతని అవ్వ మోక్షదాదేవి ఒక గ్రంథము ప్రకటించెను. వంగదేశపు అంబులెన్సు దళమున సామాన్య సేవకుడుగా పోయి చెరపడిన శిశిర ప్రసాద్ సర్వాధికారి బ్రతికివచ్చి తన యనుభవములను గ్రంథముగా వ్రాసెను. అట్టివి మన భాషలలో మిక్కిలి తక్కువ. సిపాయిలలో చాలమందికి వ్రాత రాదు.

కూట్ పడిపోయిన పిదప గాని పైవారి కన్నులు తెరువబడలేదు. ఆ 1916లోనే, ముట్టడిలో లేని సేనలలో గూడ, వేలకొలది భారతీయ సైనికులు స్కర్వీచే పడిపోయిరి. అనగా లోపము ముట్టడిది కాదు, కొలత పట్టికదే. 1917లో వెలువడిన మెసొపొటేమియా విచారణసంఘపు నివేదిక ఆ దండయాత్ర నిర్వహణలోని లోపములను బహిరంగపరచెను. భారతీయుల ఆహారపు కొలతలను హెచ్చించిరి. టైగ్రిస్ గట్లవెంట సైన్యమే కూరతోటలు వేయించెను. ఆ సంవత్సరమే లండనులో హారియెట్ చిక్, మార్గరెట్ హ్యూమ్ అను ఇరువురు విదుషీమణులు ఎండు పప్పుగింజలలో లేని స్కర్వీనివారక గుణము, అవి మొలకెత్తినపుడు పుట్టునని పరీక్షలచే నిరూపించిరి. 1919లో మన చింతపండును, మామిడి ఒరుగును గూడ పరీక్షించి, వానియందా గుణము కొద్దిగా మాత్రమే కలదని తేల్చిరి. మొలకెత్తిన గింజ వానికంటె ఎంతో మేలైనది. దానికి కావలసిన పరికరములు ఏ కందకములోనైనను దొరకునవే: పొట్టు తీయని పెసలో సెనగలో ఒక పగలు నీటిలో నానవేయవలెను, నీరు వంచి తడిగోనెలో చుట్టి ఒకటి రెండు దినము లుంచవలెను, అంగుళములో సగము మొలక రాగానే, ఎక్కువసేపు ఉడికింపక, వెంటనే తినవలెను.